వెదురు చాటు మనిషి

పొరుగువాడి కంటబడకుండా బతకగలగడమే నాగరికత!

ఈ మాట ఇంతకుముందు ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు. అనకపోతే నేనే అంటున్నాను, రాసిపెట్టుకోండి. మనిషి గుహలోంచి బయటికొచ్చి గోడ కట్టాడు. గోడకు తలుపు పెట్టాడు. తలుపుకు గడియ, గడియకు తాళం, తాళం పైన కెమెరా. ఇదంతా ఎందుకు? పులి భయంతోనా? నల్లగండ్లలో పులులెక్కడివండీ! పక్క ఫ్లాటాయన "ఏంటి సార్, ఇవాళ ఆఫీసుకు వెళ్లలేదా?" అని అడుగుతాడేమోనన్న భయంతో.

ఆ ప్రశ్న నుంచి మానవజాతిని కాపాడగల మొక్క ఒక్కటే ఉంది. వెదురు! దానివల్ల కలిగే లాభాలను మా ఇంటి తోటలో స్వయంగా అనుభవించినవాణ్ని కాబట్టి, ఆ అనుభవం నాతోనే ఆగిపోకూడదని ఈ కాలమ్ రాస్తున్నాను.

నా పేరు కిరణ్ పాల్. ఐటీ కంపెనీలో డెలివరీ మేనేజర్ని. ఏం డెలివరీ చేస్తానని మా అత్తగారు పదహారేళ్లుగా అడుగుతున్నారు. జవాబు ఇంకా తయారవుతోంది. మా ఆవిడ స్టెల్లా ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జి. ఆమె ఏం చేస్తుందో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు.

మాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల మీద బిల్డరు దయతలచి, వెనకవైపు మంచానికి ఎక్కువ మైదానానికి తక్కువ అన్నట్టు కాస్త నేల వదిలాడు. అందులో టైల్స్ పరిపించి, ఒక గుండ్రటి బల్ల, రెండు ఇనుప కుర్చీలు వేయించి, దానికి 'సీటింగ్ ఏరియా' అని పేరు పెట్టాను. పెరడు అనొచ్చు కదా అంటారా? పెరట్లో కూర్చుంటే వయసు మళ్లినట్టు. సీటింగ్ ఏరియాలో కూర్చుంటే జీవితంలో పైకొచ్చినట్టు!

ఒకటే చిక్కు. ఆ నేలకు అటుపక్క మోకాలెత్తు రెయిలింగ్, ఆ రెయిలింగ్‌ను ఆనుకుని కమ్యూనిటీ వాకింగ్ ట్రాక్. అంటే నేను కాఫీ తాగుతుంటే నాలుగు వందల కుటుంబాలు నా కప్పులోకి తొంగిచూస్తూ నడుస్తాయన్నమాట.

అందరిలోకీ పెద్ద ఆపద సుగుణ టీచర్ గారు. గుడివాడలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు మా పైన ఫస్ట్ ఫ్లోర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున ఏడు రౌండ్లు నడుస్తారు. మూడో రౌండు దగ్గర ఊపిరి తీసుకోవడానికి సరిగ్గా మా రెయిలింగ్ దగ్గరే ఆగేవారు.

"ఏం బాబూ, టిఫినయ్యిందా?"

"అయ్యిందండి."

"ఏం తిన్నారు?"

"ఉప్మా అండి."

"మళ్లీనా?"

ఆ 'మళ్లీనా' లో ఏముందో చదువరులకు వివరించలేను. ఏడాదికి రెండుసార్లు నా పనితీరును సమీక్షించే మా డైరెక్టర్ కూడా నన్ను ఒక్క మాటతో అంత చిన్నబుచ్చలేదు.

ఒకరోజు ఆ సీటింగ్ ఏరియాలో కూర్చుని క్లయింట్ మీటింగ్ నడుపుతున్నాను. పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీ. కెమెరాకు చొక్కా ఒక్కటే కనబడుతుంది. కానీ ట్రాక్‌కు మొత్తం మనిషి కనబడతాడు కదా! టీచర్ గారు ఆగి, తేరిపార చూసి, "పైన ఆఫీసు, కింద ఇల్లు! బాగుంది బాబూ" అన్నారు. నా మైకు ఆన్‌లో ఉంది. అవతల తెలుగొచ్చిన హైదరాబాదు వాళ్లు ఐదుగురున్నారు. ఐదుగురూ నవ్వారు.

వెదురు పెట్టాలని ఆ క్షణంలోనే నిర్ణయించాను.

ఏ వెదురు? ఇదేమన్నా చిన్న ప్రశ్నా! ఆషామాషీగా నర్సరీకి వెళ్లి ఏదో ఒకటి పట్టుకొచ్చేవాణ్నా నేను? నాలుగు నెలలు పరిశోధించాను. ఎక్సెల్ షీట్‌లో పదకొండు జాతులు ఒకవైపు, పదిహేడు గుణాలు మరోవైపు. ఎత్తు, ఆకుల దట్టదనం, గాలికి చేసే చప్పుడు, ఎదుటివాడు ఎంతసేపు తొంగిచూస్తే నిరాశపడి వెళ్లిపోతాడు వగైరా. మల్టీప్లెక్స్ బాంబూ అని ఒకటుంది. అది సినిమా హాళ్లలో పెంచేదనుకుని రెండు వారాలు పక్కన పెట్టాను. బుద్ధ బెల్లీ అని ఇంకొకటి, కణుపు కణుపుకూ బొజ్జ ఉంటుంది. ఒక ఇంట్లో ఒక బొజ్జ చాలని దాన్ని కొట్టేశాను. లక్కీ బాంబూ అసలు వెదురే కాదట! మా ఆఫీసులో ప్రతి టేబుల్ మీదా అదే ఉంది. ఆఫీసు గురించి నాకున్న అనుమానాల్లో ఒకటి అలా తీరింది.

ఆ నాలుగు నెలలూ చూసి చూసి స్టెల్లా అంది, "ఏవండీ, పెళ్లిచూపుల్లో నన్ను ఇరవై నిమిషాల్లో ఓకే చేశారు. ఒక వెదురుకు ఇంత టైమా?"

"అప్పుడు నాకు అనుభవం లేదు" అన్నాను.

ఆ మాట నేను ఏ ఉద్దేశంతో అన్నానో ఆమెకు వివరించడానికి ఇంకో వారం పట్టింది.

చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక శంకర్‌పల్లి రోడ్డులో ఒక నర్సరీకి బయల్దేరాను. తోడుగా మా కమ్యూనిటీ తోటమాలి మొగిలిని తీసుకెళ్లాను. జనగామ దగ్గరి మనిషి, యాభై ఏళ్లుంటాయి. వెదురును ఆయన కంక అంటాడు. బొంగు అని కూడా అంటారు కానీ, ఈ నగరంలో ఆ మాటకు ఇంకో అర్థం ఉండటం వల్ల నా ముందు జాగ్రత్తగా కంక అనే అంటాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచి పదిహేడు గుణాలూ చదివి వినిపించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"సార్, కంకల రెండే జాతులు. ఒకటి కూసునేది, ఒకటి ఉర్కేది."

"అంటే?"

"కూసునేది పెట్టిన కాడ్నే గుంపుగ పెరుగుతది. ఉర్కేది భూమిల కింది కింద్నే వేరు పంపి, యాడ మనసైతే ఆడ లేస్తది. గిప్పుడు మీరు చెయ్యి పెట్టింది ఉర్కేది. వద్దు సార్."

నేను చెయ్యి పెట్టింది గోల్డెన్ బాంబూ. బంగారు రంగు గడలు, నాజూకు ఆకులు. నా షీట్‌లో మొదటి ర్యాంకు.

"దట్టంగా ఉంటుందా?"

"దట్టమే."

"త్వరగా పెరుగుతుందా?"

"మస్తు జల్ది పెరుగుతది. గదే పరేషాన్."

మీరే చెప్పండి! పెట్టిన చోటే కూర్చునేదాన్ని ఎవరైనా ఎంచుకుంటారా? ఎవరూ చెప్పకుండానే పక్క డిపార్ట్‌మెంట్‌లోకి పాకిపోయేదాన్ని మా కంపెనీలో లీడర్‌షిప్ అంటారు. అలాంటి మొక్కను వద్దంటాడేమిటి ఈయన!

"అయితె ఒక పని చేద్దాం సార్. చుట్టూత మూడు ఫీట్ల లోతుల రేకు పాతుదాం. రేకు దాటి పోదు."

వేళ్ల స్వేచ్ఛకు అడ్డుకట్ట వేయడం ప్రకృతికి విరుద్ధమని నేను ఒక వీడియోలో చూశాను. ఆ మాటే చెప్పాను.

మొగిలి చేతికంటిన మట్టి దులుపుకుని, "మీ ఇష్టం సార్. మీరు సదువుకున్నోళ్లు" అన్నాడు.

చదువరులారా, ఒక్క సలహా. పని తెలిసినవాడు మీతో ఈ మాట అన్న వెంటనే చేస్తున్న పని ఆపేయండి. నేను ఆపలేదు.

జూన్‌లో పాతాం. వానలు పడ్డాయి. నిజం చెప్పాలంటే ఆ వెదురు నాకన్నా కష్టపడి పనిచేసింది. క్రిస్మస్ నాటికి రెయిలింగ్ మాయమైంది. ఆ మరుసటి ఏడు ఉగాది దాటేసరికి ట్రాకూ మాయం, దాని మీది మనుషులూ మాయం. గడలు ఎత్తుగా పెరిగి తలలు లోపలికి వాల్చడంతో పైనున్న బాల్కనీల నుంచి కూడా నేను కనబడటం మానేశాను. ఆకాశంలోంచి డ్రోన్ వచ్చినా దానికి ఆకులే కనబడతాయి! నా సీటింగ్ ఏరియా ఒక ఆకుపచ్చ గది అయిపోయింది. అందులో నేను, నా ఉప్మా. అడిగే దిక్కు లేదు!

అయితే మనిషి కనబడకపోయినా మాట వినబడుతుంది. మూడో రౌండులో టీచర్ గారు అలవాటుగా ఆగి, "కిరణ్ బాబూ, ఉన్నారా?" అనేవారు. నేను ఊపిరి బిగబట్టేవాణ్ని. ఊపిరి ఆగని రోజున చెవిలోని ఇయర్‌ఫోన్ పట్టుకుని, "యెస్, యెస్, ప్లీజ్ గో ఎహెడ్" అని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాణ్ని. ఆవిడ పాపం గొంతు తగ్గించి, "కాల్‌లో ఉన్నట్టున్నారు. కానివ్వండి బాబూ" అని వెళ్లిపోయేవారు.

ఈ నటన రోజూ ఎందుకని, 'ఆన్ కాల్. డోంట్ డిస్టర్బ్' అని ఒక బోర్డు రాయించి ట్రాక్ వైపు గడలకు కట్టించాను. కొన్నాళ్లు టీచర్ గారి చెప్పుల చప్పుడు మూడో రౌండులో కాస్త ఆగేది. మాట ఉండేది కాదు. తర్వాత ఆగడం కూడా మానేసింది. విజయం! ఆ రోజు స్టెల్లాకు చెప్పాను. ఆమె డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఆవిడ ఆ ఏడు రౌండ్లలో మాట్లాడేది మీ ఒక్కరితోనే అనుకుంటా" అంది. ఆడవాళ్లకు ప్రైవసీ విలువ తెలియదని సరిపెట్టుకున్నాను.

వెదురు మీద ఫిర్యాదు చేసిన మనిషి ఒక్కరే, ట్రాక్ ఊడ్చే బాలమ్మ. "ఓ సారూ, నీ కంకాకు ఊడ్సి ఊడ్సి నా నడుం ఇరుగుతుంది" అని గడల అవతలి నుంచి అరిచేది. ఎండుటాకు నేలకు ఎంత బలమో నేను ఇవతలి నుంచి ఆమెకు వివరించేవాణ్ని. నడుముకు దానివల్ల బలమేమీ రాలేదట.

రెండో వానాకాలం వచ్చింది. మొగిలి చెప్పినట్టే వెదురు ఉరకడం మొదలుపెట్టింది. కుండీలో ఒక పిలక, డ్రైన్ మూత పక్కన ఒక పిలక, పక్కనుంచి తోటలోకి వచ్చే గేటు సందులో నాలుగైదు గడలు. ఆ గేటు ఇక తెరుచుకోవడం మానేసింది. నాకేం నష్టం? అటువైపు నుంచి ఎవరూ రాకూడదనే కదా నా తపన! ఆ తర్వాత సీటింగ్ ఏరియా మధ్యలో ఒక టైలు ఒకవైపు లేచింది. దాని కిందినుంచి సూదిలాంటి మొన ఒకటి బయటికి చూస్తోంది.

"సార్, గది ఇప్పుడే తీసేస్త. రేపటికల్ల ఇంకింత లేస్తది. కాలికి తాకుతది" అన్నాడు మొగిలి.

"ఉండనివ్వు" అన్నాను.

ఎందుకన్నానో చెబితే మీరు నన్ను గౌరవిస్తారు. అప్పటికే దాన్ని ఫోటో తీసి, ఉద్యోగస్థులందరూ ఒకరినొకరు పొగుడుకునే ఆ వెబ్‌సైట్‌లో పెట్టాను. 'టైలును చీల్చుకొచ్చిన ఈ చిన్ని మొలక నాకు నాయకత్వం గురించి నేర్పిన ఐదు పాఠాలు' అని. మూడు వందల మంది లైక్ కొట్టారు. మూడు వందల మంది మెచ్చిన మొలకను ఒక్క మొగిలి మాట విని పీకించేస్తానా!

ఆరో పాఠం సెప్టెంబరులో ఒక గురువారం పొద్దున జరిగింది.

స్టెల్లా ఉదయం డ్యూటీకి వెళ్లిపోయింది. డెలివరీల వాళ్లు తలుపు తోసి పలకరిస్తారని ముందు తలుపుకు లోపలి గడియ పెట్టేశాను. ఫోను బెడ్రూమ్‌లో చార్జింగ్‌లో ఉంది. ల్యాప్‌టాప్ తోటలో బల్ల మీద ఉంది. తొమ్మిదిన్నరకు ముప్పై రెండు మందితో మీటింగ్ మొదలైంది. కెమెరా ఆఫ్, మైకు మ్యూట్, చెవిలో ఇయర్‌ఫోన్. వంటింట్లోకెళ్లి కాఫీ కలుపుకుని, కప్పు పట్టుకుని బయటికొచ్చాను. టైలు తగిలింది.

కాఫీ ఒకవైపు, నేను ఒకవైపు. పడ్డప్పుడు కుడి చీలమండ దగ్గర ఎండుపుల్ల విరిచినట్టు ఒక చప్పుడైంది. కాలు చూసుకున్నాను. పాదం నేను రోజూ చూసే దిక్కుకు చూడటం లేదు.

లేవబోతే కళ్లు చీకట్లు కమ్మాయి. బల్ల ఐదడుగుల దూరంలో ఉంది. అంత దూరం పాకలేనని రెండో ప్రయత్నంలో తెలిసిపోయింది. చెవిలో మీటింగ్ మాత్రం చక్కగా వినబడుతోంది. నేను 'అమ్మా' అని అరిచాను. ముప్పై రెండు మందీ మూడో త్రైమాసికం గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మ్యూట్‌లో ఉన్నాను కదా! చివర్లో మా డైరెక్టర్, "కిరణ్, నీకేమైనా అభ్యంతరం ఉందా?" అని అడిగింది. నేలమీదినుంచి నాకు చేతనైనంత గట్టిగా "ఉంది! ఉంది!" అన్నాను. "లేనట్టుంది. థాంక్యూ ఆల్" అని ముగించేసింది. నాకు కొత్త ప్రాజెక్టు అంటగట్టారని తర్వాత తెలిసింది.

ఇక ట్రాక్ మీద ఆశ పెట్టుకున్నాను. ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుంటూ వస్తున్నారు. ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాను.

"ఇక్కడెవరో మేనేజరుంటాడంట. పొద్దున్నే టీమ్ మీద ఎగిరిపడుతున్నాడు చూడు" అన్నాడొకాయన.

"పాపం, ఆ టీమ్!" అన్నాడు రెండో ఆయన.

వెళ్లిపోయారు.

అప్పుడు వినబడింది, నాకు బాగా తెలిసిన చెప్పుల చప్పుడు. టీచర్ గారు! ఇంత ఆనందంగా ఆవిడ రాకను నేనెన్నడూ గుర్తించలేదు. "సమ్‌బడీ ప్లీజ్ హెల్ప్! ఐ నీడ్ హెల్ప్ హియర్!" అన్నాను. పదహారేళ్ల శిక్షణండీ! కాలు విరిగినా నోట్లోంచి ఇంగ్లీషే వచ్చింది.

చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"కాల్‌లో ఉన్నట్టున్నారు. కానివ్వండి బాబూ" అన్నారు టీచర్ గారు మెల్లగా. నాకు ఇబ్బంది కలిగించకూడదని నడక వేగం పెంచారు కూడా. నేను తేరుకుని, "టీచర్ గారూ!" అని తెలుగులోకి వచ్చేసరికి ఆవిడ మలుపు తిరిగిపోయారు. అది ఆవిడ ఏడో రౌండని తర్వాత తెలిసింది.

అప్పటిదాకా నాకున్నది నొప్పి. ఆ తర్వాత భయం మొదలైంది. స్టెల్లా వచ్చేది మధ్యాహ్నం మూడు దాటాక. అరికాలు చల్లబడుతోంది. ఎండ ఆకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా నా మీద పడుతోంది. నా వెదురు నిజంగా చాలా దట్టంగా ఉంది. షీట్‌లో పదికి పది వేశాను, తప్పేమీ లేదు. రెండు వానాకాలాలు శ్రద్ధగా పెంచి, నన్ను ఎవరూ కనుక్కోలేని చోటును నేనే తయారు చేసుకున్నాను. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. మధ్యలో మాటలు మర్చిపోయి, "ప్రభువా, ఎవరో ఒకరు" అని మాత్రం అంటూ ఉండిపోయాను.

ఎంతసేపైందో తెలియదు. చీపురు చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది.

"సారూ?"

నేను మూలిగాను.

గడల మధ్య నుంచి రెండు చేతులు దూరి ఆకులు పక్కకు తోశాయి. బాలమ్మ కన్ను ఒకటి కనబడింది.

"ఓరి దేవుడా! గట్ల పన్నవేంది సారూ?"

"పడుకోలేదు బాలమ్మా, పడ్డాను. కాలు విరిగింది."

"అయ్యో! ఫికర్ జెయ్యకు. ఉండు, మహేందర్‌ను పిలుస్త."

మహేందర్ మా గేటు దగ్గరి సెక్యూరిటీ. పరిగెత్తుకొచ్చాడు. ముందు తలుపుకు గడియ ఉంది. పక్క గేటును వెదురు పట్టేసింది. లోపలికి దారి లేదు. చివరికి మొగిలి కత్తి పట్టుకొచ్చి, ట్రాక్ వైపు నుంచి నా గోల్డెన్ బాంబూను నరకడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బా నా కాలికి తగిలినట్టే అనిపించింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ ఈ కాలమ్‌లో అబద్ధం రాయను. ఆ స్థితిలో కూడా నేను, "మొగిలీ, చూసి కొట్టు, పాత గడలు మాత్రమే" అన్నాను.

"సార్, ముందుగాల మీ కాలు సంగతి చూసుకోండ్రి" అన్నాడు మొగిలి కత్తి ఆపకుండా.

ఒక మనిషి పట్టేంత సందు చేసి, నన్ను నా ఇనుప కుర్చీలోనే కూర్చోబెట్టి, ఇద్దరూ మోసుకుంటూ బయటికి తెచ్చారు. బోర్డు తెగి కింద పడి ఉంది. దాని మీదుగానే నడిచారు.

"ఇక్కడ బోర్డు ఉంది కదా బాలమ్మా, ఎలా చూడాలనిపించింది?" అని అడిగాను. నొప్పిలో మనిషి ఏదేదో అడుగుతాడు.

"నాకు సదువు రాదు సారూ. బోర్డుల ఏముందో నాకేం ఎరుక? మూలుగుడు ఇనబడ్డది, చూసిన."

అంతలో ట్రాక్ మీద ఆయాసపడుతూ టీచర్ గారు వచ్చారు. నా పాదం చూసి ఆవిడ ముఖం తెల్లబోయింది.

"నేను విన్నాను బాబూ" అన్నారు. "మీ గొంతు విన్నాను. కాల్ అనుకున్నాను. విని కూడా వెళ్లిపోయాను చూడండి."

ఆవిడ నన్ను మోస్తున్న కుర్చీ పట్టుకుని, మహేందర్ పిలిపించిన అంబులెన్స్ దాకా నడిచారు. ఆవిడ తప్పేముంది? ఆవిడకు ఆ పాఠం రోజూ చెప్పిన మాస్టర్ని నేనే. లెక్కల టీచరు కదా, ఒక్కసారి చెబితే పట్టేసుకున్నారు.

ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆరు వారాలు కట్టు. స్టెల్లా నా మంచం పక్కన నిలబడి కాగితాలన్నీ చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"గంటన్నర పడి ఉన్నారు" అంది. వెళ్తూ వెళ్తూ బెడ్ చుట్టూ ఉన్న కర్టెన్ పట్టుకుని ఆగింది. "మా వార్డులో కూడా ప్రతి బెడ్‌కీ ఇది ఉంటుందండీ. కానీ ఎందుకు గుడ్డతో కడతామో తెలుసా? లోపలివాళ్లు పిలిస్తే వినబడాలని. వినబడగానే ఒక్క చేత్తో తీసేయాలని."

కర్టెన్ తీసే ఉంచి వెళ్లిపోయింది.

ఆ ఆరు వారాలూ నేను పడ్డ బాధ ఏమని చెప్పను! కట్టు కట్టిన కాలిని రెండో కుర్చీ మీద పెట్టుకుని, ఆ సందుకు ఎదురుగా కూర్చునేవాణ్ని. ట్రాక్ మీద పోయే ప్రతివాళ్లూ ఆగడమే! "ఎలా ఉంది సార్?" "వాపు తగ్గిందా?" "వేడినీళ్ల కాపడం పెట్టకండి" "పెట్టండి". నన్ను అందరూ వెదురాయన అంటారని తెలిసింది. నాకు వాళ్ల పేర్లు ఒక్కటీ తెలియవు. 'పాపం, ఆ టీమ్' అన్నాయన కూడా వచ్చాడు. పేరు ఆరోన్ అట, మాది ఒకే కంపెనీ అట! నాలుగేళ్లుగా ఒకే మీటింగుల్లో కెమెరాలు ఆపుకుని కలుసుకుంటున్నాం. ఆయన నా గొంతును గుర్తుపట్టాడు, నేను ఆయన గొంతును గుర్తుపట్టాను. ముఖాలే కొత్త.

టీచర్ గారు మొదటి వారం రాలేదు. రెండో వారం ఒక గిన్నె పట్టుకుని ఆ సందులోంచి నేరుగా లోపలికే వచ్చేశారు. మూత తీస్తే పెసరట్టు, అల్లం పచ్చడి. ఉప్మా మాట ఎత్తలేదు. ఎదురు కుర్చీ మీద నా కాలుంది కాబట్టి నిలబడే ఉన్నారు. ఆ సాయంత్రం స్టెల్లా ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. అప్పుడు నాకు తట్టింది. అంత పరిశోధన చేసి కట్టిన ఆ సీటింగ్ ఏరియాలో, నేనూ స్టెల్లా తప్ప ఒక్క మనిషి కూడా అంతవరకు కూర్చోలేదు. స్టెల్లా అయినా రెండుసార్లే.

చెప్పొద్దూ, నాకు ఇబ్బందిగానే ఉంది. మనుషులు వస్తే మాట్లాడాలి. మాట్లాడితే వాళ్ల సంగతులు వినాలి. టీచర్ గారికి మోకాలి నొప్పి ఉందని, అందుకే మూడో రౌండులో ఆగుతారని వినాల్సి వచ్చింది. బాలమ్మ కొడుకు బాచుపల్లిలో కాలేజీలో చేరాడని వినాల్సి వచ్చింది. ఇవన్నీ తెలుసుకుని నేనేం చేసుకోను? కానీ తెలిశాక మర్చిపోవడం కుదరడం లేదు.

మొన్న కట్టు విప్పారు. చేతికర్ర సాయంతో తోటలోకి వచ్చాను. మొగిలి అక్కడే ఉన్నాడు. నరికిన సందులో మోకాలెత్తు కొత్త పిలకలు వరసగా లేచి ఉన్నాయి.

"సార్, సందు మళ్ల మూస్కపోతుంది. పిలకలు ఉంచాల్నా, తియ్యాల్నా?"

నేను ఆలోచించాను. అరిచి అరిచి గొంతు పోయిన ఆ గంటన్నరా గుర్తొచ్చింది. అలాగే రేపటి నుంచి పొద్దున్నే నలభై మందికి జవాబు చెప్పడం కూడా గుర్తొచ్చింది.

"పూర్తిగా తియ్యొద్దు మొగిలీ. పూర్తిగా మూయొద్దు కూడా. నేనెప్పుడైనా పడిపోతే బయటికి కనబడాలి. అంత ఉంచితే చాలు."

మొగిలి కత్తి దించి, గడ్డం గోక్కున్నాడు.

"అంటే, పడ్డప్పుడు కనబడాలె. కూసున్నప్పుడు కనబడొద్దు. గంతేనా సార్?"

"అంతే!" అన్నాను. నా అవసరాన్ని ఇంత స్పష్టంగా, ఇంత తక్కువ మాటల్లో మా టీమ్‌లో ఎవరూ రాయలేదు.

"గసోంటి కంక ఉండది సార్" అన్నాడు మొగిలి. "గసోంటి మనుషులుంటరు."

ఆ మనుషులెవరని నేను అడగలేదు. ట్రాక్ మీద ఎవరో వస్తున్నారు. మొగిలి కత్తి పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"తీసెయ్" అన్నాను.

"అన్నీనా సార్?"

"ఇవాళ్టికి సందులో ఈ వైపు తీసెయ్. ఆ వైపు సంగతి రేపు చూద్దాం."